ముందు ముద్ద కోడికి

అమీర్‌పేట,
9 జూలై 1939

పిట్టా,

నీ ఉత్తరం మొన్న అందింది. టపా మనిషి గోడ అవతలి మంగవ్వ చేతికి ఇచ్చి పోయాడు. ఆమె పొయ్యి గట్టు మీద పెట్టి మరిచిపోయి, దీపాలు పెట్టే వేళకు నాలుక కరుచుకుంటూ తెచ్చింది. ఒక మూల మసి పట్టింది కానీ చదవడానికి వచ్చింది. జోగిపేట బోర్డింగు బడిలో పసిపిల్లల తరగతి నీకే అప్పగించారన్న ముక్క మీ నాయిన మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. మర్నాడు బేగంపేట బంగళాలో మొక్కలకు నీళ్లు పోస్తూ తోటి మాలికి చెప్పుకున్నాడంట, "మా బిడ్డ టీచరమ్మ అయింది" అని. ఆ మాత్రం సంతోషమైనా ఉంది ఆయనకు.

ఇంటి సంగతులు రాయమన్నావు. ఏముంది రాయడానికి. పెంకులు కప్పించాం. పోయిన చలికాలం ప్లేగు వచ్చినప్పుడు లోపల ఎండ పడాలని దించినవి, ఇన్నాళ్లూ గోడ వారనే పడి ఉన్నాయి. వానలు మొదలైనాయి గనుక తప్పలేదు. నీ తమ్ముడు పోయినప్పటి నుంచి నాకు ఏ పనీ చేతికి అందడం లేదు పిట్టా. చాట పట్టుకుంటే చాటలోకి చూస్తూ కూర్చుంటాను. కోళ్లకు మంగవ్వే గింజలు చల్లుతోంది. నేను వాటి దిక్కు పోవడం లేదు.

నీ పిల్లలు ప్రతిదానికీ "ఎందుకు" అంటున్నారని రాశావు. బావి దగ్గర వరుసలో ఎందుకు నిలబడాలి, పచ్చి జామకాయలు ఎందుకు తెంపకూడదు, గోడ ఎందుకు ఎక్కకూడదు. వాళ్లకు ఏం చెప్పాలని నన్ను అడుగుతున్నావు. నేను బైబిలు అమ్మగారి దగ్గర రెండో పుస్తకం దాకా చదివినదాన్ని. మీరు చిన్నప్పుడు అట్లా అడిగితే "నేను చెప్తున్న గనుక" అనేదాన్ని. ఇంకా అడిగితే గరిటె చూపించేదాన్ని.

మీ నాయిన అట్లా కాదు. మన ఇంట్లో జొన్న గటక దింపగానే ముందు ముద్ద కోళ్లకు పెట్టాలి, ఆ తర్వాతే ప్రార్థన, ఆ తర్వాతే మన పళ్లాలు. నువ్వు ట్రైనింగుకు పోయిన కొత్తలో ఒకరోజు నీ తమ్ముడు యెషయ్య మూతి ముడుచుకుని కూర్చున్నాడు. "నాకే ఆకలైతుంటె కోళ్లకు ముందుగాల ఎందుకు నాయినా?" అన్నాడు. మీ నాయిన, "నీకు నోరున్నది, అడుగుతవు. అది ఎట్ల అడుగుతది రా? మనం మూసిన గంప కింద ఉన్నదాయె" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి వాడికి మళ్ళీ చెప్పే పని లేకపోయింది. నాకు గుర్తు చేసేవాడు.

నాకు తెలిసింది ఇంతే. వానలో తడవకు.

మీ అమ్మ,
సుమిత్ర


జోగిపేట,
20 ఆగస్టు 1939

అమ్మా,

నీకూ నాయినకూ నా వందనాలు. మంగవ్వ అత్తకు చెప్పు, ఈసారి ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టకుండా ఉంటే చాలు.

నీ ఉత్తరం చదివాక తమ్ముడే కళ్ల ముందు ఉన్నాడు. అప్పుడే నాకు ఒక దారి దొరికింది. నా తరగతిలో బుచ్చయ్య అని ఒకడున్నాడు. ఆరేళ్లవాడు, కోతులు కూడా వాడి దగ్గర పాఠం చెప్పించుకోవాలి. మంగళవారం మళ్ళీ గోడ ఎక్కాడు. దిగమంటే, "ఎక్కితే ఏమైతది టీచరమ్మా?" అన్నాడు. విసుగొచ్చి అందరినీ కూర్చోబెట్టాను. ఒక ఊళ్లో ప్లేగు వచ్చింది, జనం ఇళ్లు వదిలి చేన్లలో గుడిసెలు వేసుకున్నారు, మూసిన ఇళ్లలోకి ఎవరూ పోవద్దని సర్కారు హుకుం, ఒక పిల్లవాడు మాట వినకుండా బొంగరం కోసం దొంగచాటుగా పోయాడు, జ్వరం వచ్చి చచ్చిపోయాడు అని చెప్పాను. వాడు నా సొంత తమ్ముడే అన్నాను.

ఆ రోజు నుంచి వరుస అంటే వరుసే. బుచ్చయ్య గోడ దిక్కు చూడడం లేదు. పెద్ద టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నదట. నవంబరులో పిల్లల ఆదివారం వస్తుంది గదా, ఆ నాడు చర్చి గుడిలో అందరి ముందు ఇదే చెప్పమన్నది. మన యెషయ్య ఊరికే పోలేదు. వాడి వల్ల ఇంతమంది బుద్ధిగా ఉంటున్నారు. ఆ మాట నీ మనసుకు కొంచెం చల్లగా ఉంటుందని రాస్తున్నాను.

నా తిండి గురించి ఫికరు చేయకు. పిల్లలందరికీ వడ్డించాకే తింటాను. మన ఇంటి పద్ధతే గదా.

నీ పిట్ట,
లీల


అమీర్‌పేట,
10 సెప్టెంబరు 1939

లీలాకుమారికి,

నీ ఉత్తరం చేరింది. పిల్లలు వరుసలో నిలబడుతున్నారు గదా, మంచిది.

జర్మనీ మీద లడాయి మొదలైందని బంగళాలో చెప్పుకుంటున్నారంట. కిరోసిన్ నూనె దొరకదని మంగవ్వ ఇంట్లో ఉన్న సీసాలన్నీ కడిగి బోర్లించింది. నింపడానికి నూనె మాత్రం తేలేదు.

మీ నాయినకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఒకచోట కొన్ని వరసలు దాటేశాను. "ఆగినవేంది?" అన్నాడు. మసి పట్టింది, కనబడడం లేదన్నాను. నీ ఉత్తరం మీద మసి లేదు.

ఇంక రాయలేను. చేయి నొస్తున్నది.

అమ్మ


జోగిపేట,
8 అక్టోబరు 1939

అమ్మా,

పేరు పెట్టి రాశావు. "పిట్టా" లేని ఉత్తరం నాది కాదేమోనని వెనక్కి తిప్పి చిరునామా చూసుకున్నాను.

నీ కోపం ఎందుకో నాకు తెలుసు. వాణ్ణి మట్టి చేసేటప్పుడు నేను రాలేదు. గుడిసెల దగ్గరికి బయటివాళ్లను రానివ్వడం లేదని మీరే కబురు పంపారు గదా. అయినా మూట కట్టుకుని ట్రైనింగు బడి గేటు దాకా వచ్చి నిలబడ్డాను. ఆ మూట ఇంకా విప్పనట్టే ఉంటుంది నాకు. ఆ తర్వాత ఉద్యోగమని ఇటు వచ్చేశాను. నిన్ను ఆ ఇంట్లో వదిలేసి వచ్చాను. అది కూడా కోపమే. తిట్టు అమ్మా. చేయి నొస్తున్నదని మాత్రం రాయకు.

ఇక్కడి సంగతీ బాగాలేదు. బుచ్చయ్యకు చలిజ్వరం వచ్చింది. మిగతా పిల్లలు వాడి చాప చుట్టూ చేరి, "నువ్వు జామకాయ తెంపినవ్ గద, ఇగ చస్తవ్. టీచరమ్మ తమ్ముడు సుత గట్లనే చచ్చిండు" అన్నారంట. వాడు నా కొంగు పట్టుకుని, "ఒక్కటే తెంపిన టీచరమ్మా. అది సుత పుచ్చుది" అని ఒకటే ఏడుపు. జ్వరం తగ్గింది. కానీ వాడు గోడ ఎక్కడం లేదు, నవ్వడమూ లేదు. మిగిలినవాళ్లు ఎవరు ఏ తప్పు చేస్తారా అని ఒకరి మీద ఒకరు కాపలా కాస్తున్నారు. వరుస మాత్రం చక్కగా ఉంది. పెద్ద టీచరమ్మ మెచ్చుకుంటోంది.

నేను చెప్పినదాంట్లో తప్పేముంది అమ్మా? మన గుడి పాస్టరు అయ్యగారే నాకు జాబు రాశారు, బొంగరం తెచ్చుకోవడానికి పోయాడని, అది వాడి జేబులోనే దొరికిందని. పిల్లల ఆదివారం దగ్గరికి వస్తోంది. చెప్పనా, మాననా?

లీల


అమీర్‌పేట,
29 అక్టోబరు 1939

పిట్టా,

నువ్వు రాలేదని నాకు ఏ రోజూ కోపం లేదు. నువ్వు రాకుండా ఆ గేటు దగ్గరే ఆగిపోయినందుకు దేవునికి మొక్కుకున్నాను. వచ్చి ఉంటే ఏమయ్యేదో.

నువ్వు వాణ్ణి మాట వినని పిల్లవాడు అన్నావు. ఆ మాటకు నాకు రాయడం చేతకాలేదు. ఇప్పుడూ చేతకాదు. ఒక పొద్దంతా కూర్చుని కొంచెం కొంచెంగా రాస్తున్నాను.

మంగవ్వ ఇంట్లో ఎలుక చచ్చి పడింది. సర్కారు జవాను వచ్చి విజిల్ ఊదాడు. "ఇండ్లు ఖాలీ చేయిండ్రి. లోపటికి ఎవ్వలు పోవద్దు, పోతే జుర్మానా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. మేమూ అడగలేదు. సర్కారు మాటను ఎదురు అడిగేది ఎవరు. పెంకులు దించి, పంజాగుట్ట దిక్కు చేన్లలో గుడిసెలు వేసుకున్నాం. గట్టు ఎక్కితే మన ఇల్లు కనబడేది.

కోళ్లను గంపల్లో పెట్టి తీసుకుపోయాం, నల్లపెట్ట ఒక్కటి తప్ప. అది జొన్నల గుమ్మి వెనక గుడ్ల మీద కూర్చుని పొదుగుతున్నది. "కదిలిస్తె గుడ్లన్ని మురుగుతయి అక్కా, ఉండనీ" అంది మంగవ్వ. మీ నాయిన ముంతలో నీళ్లు, ఇన్ని నూకలు పెట్టి తలుపుకు గొళ్లెం వేశాడు. యెషయ్యకు దారి పొడుగునా అదే రంధి.

"నూకలు ఒడిసిపోతే?"

"ఒడువయి తియ్."

"ఒడిస్తే ఎవలు పెడ్తరు నాయినా?"

"దేవుడు పెడ్తడు, నడువ్."

గుడిసెలో కూడా గటక దింపగానే వాడే ముందు ముద్ద తీసుకుని బయటికి పోయేవాడు. గంపల దగ్గరికని అనుకునేదాన్ని. ప్రార్థనకు రొప్పుతూ వచ్చేవాడు. "కోళ్లకు పెట్టనీకె ఇంతసేపా?" అని కసిరాను. "ఒకటి దూరం ఉన్నది గదమ్మా" అన్నాడు. ఏదో కోడి గంపలోంచి తప్పించుకుని చేన్లో తిరుగుతున్నదేమో అనుకున్నాను.

తలుపు ముట్టుకోలేదు వాడు. పెంకులు దించిన కాడి నుంచి దూలం పట్టుకుని లోపలికి దిగాడు.

జ్వరం వచ్చి గజ్జల్లో గడ్డ లేచినాక చెప్పాడు. "నేను తినకముందే పెట్టినమ్మా. రోజు పెట్టిన" అన్నాడు. మెచ్చుకుంటానేమోనని నా మొహం చూశాడు. "మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నాను. ఇంకేమంటాను.

బొంగరం వాడి జేబులో ఎప్పుడూ ఉండేదే. పడుకున్నా తీసేవాడు కాదు, నీకు తెలియదా. అయ్యగారు బొంగరం చూశారు. దాని కింద గుడ్డకు అంటుకుని ఎండిపోయిన గటక చూడలేదు. గుంట దగ్గర నిలబడి, మాట వినని బిడ్డల సంగతి చెప్పి ప్రార్థన చేశారు. అప్పుడు నాకు నోరు పెగలలేదు. ఆ తర్వాత ఓపిక లేకపోయింది. మీ నాయినకు అంతా తెలుసు. కోడికి ముందు పెట్టమన్నది తన నోటి మాట గనుక, దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోం. ఆ వరసలు అందుకే దాటేశాను.

మళ్ళీ ఇంటికి వచ్చి గొళ్లెం తీస్తే నల్లపెట్ట పిల్లలను వెంటేసుకుని బయటికి వచ్చింది. గుమ్మి అడుగు నుంచి కారిన జొన్నలు ఏరుకుని బతికినట్టుంది. వాడు పెట్టకపోయినా బతికేదేమో. ఆ ఒక్క మాట మీ నాయినతో అనలేదు. నీతోనే అంటున్నాను.

వాడు హుకుం తప్పాడు, నిజమే పిట్టా. కానీ ఇంకొక హుకుం నిలబెట్టడానికి పోయి తప్పాడు. కోడికి ముందు ఎందుకు పెట్టాలో వాడికి తెలుసు. ఇంట్లోకి ఎందుకు పోకూడదో ఎవరూ చెప్పలేదు. తెలిసినదాని వెంట పోయాడు. నువ్వూ నీ పిల్లలకు చావు చెప్పి ఊరుకున్నావు. గోడ ఎక్కితే ఏమవుతుందని బుచ్చయ్య అడిగినదానికి అది జవాబు కాదు గదా. మూసిన ఇంట్లో ఏముంటుందో నాకే తెలియదు ఇప్పటికీ. మీ దగ్గర డాక్టరమ్మ ఉంటే అడిగి నాకు కూడా రాయి.

గుడిలో వాడి సంగతి చెప్పకపోయినా సరే. చెప్తే మాత్రం బొంగరం అనకు. నా కొడుకును మాట వినని పిల్లవాణ్ణి చేయకు.

అమ్మ


జోగిపేట,
27 నవంబరు 1939

అమ్మా,

నీ ఉత్తరం బావి గట్టు మీద చదివాను. బిందె ఒరిగి నీళ్లు కాళ్ల మీద పారుతున్నా తెలియలేదు.

దవాఖానాకు పోయి డాక్టరమ్మను అడిగాను. ఎలుకల ఒంటి మీద కంటికి ఆనీ ఆనని పురుగులు ఉంటాయట. ఎలుక చచ్చిపోతే అవి దాన్ని వదిలి ఇంట్లోనే నేల మీద, గోడ సందుల్లో ఆకలితో కాచుకుని ఉంటాయట. మనిషి అడుగు పెట్టగానే ఎగిరి కుడతాయి. రోగం ఆ కాటులో ఉంది. అందుకే లోపలికి పోవద్దన్నది, అందుకే పెంకులు దించి ఎండ పట్టించింది. ఇంతే అమ్మా. ఆమె చెప్పడానికి గటక చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆ జవాను ఈ మాట చెప్పి ఉంటే, మన యెషయ్య దూరం నుంచే ఆగేవాడు.

పిల్లల ఆదివారం నాడు గుడిలో నిలబడి, "మా తమ్ముడు మాట వినే పిల్లవాడు. ముందు మీకు తప్పు చెప్పాను" అని మొదలుపెట్టాను. బొంగరం సంగతి తీసేశాను. కోడి, ముద్ద, పురుగులు, అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చివర కూర్చోబోతుంటే బుచ్చయ్య లేచాడు.

"మరి కోడి సంగతేంది టీచరమ్మా? దానికి ముద్ద ఎట్ల పెట్టాలె?"

పెద్దవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మీరే చెప్పండి" అన్నాను. భూలక్ష్మి అనే పిల్ల, "ఇంట్ల పెద్దోళ్లను అడగాలె" అంది. "అడిగిండు గద, దేవుడు పెడ్తడన్నరు" అన్నాడు బుచ్చయ్య. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత, "పొడుగు కట్టెకు ముద్ద గట్టి, మీదికెల్లి లోపటికి ఇడువాలె. మనం పోకుంటనే అయితది. గింత దానికి గంత మందికి సమజ్ కాలేదా?" అన్నాడు.

అప్పుడు ఎవరూ నవ్వలేదు అమ్మా.

పిల్లలతో గుడిలో ఈ వాదులాట ఏమిటని పెద్ద టీచరమ్మ ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ. బుచ్చయ్యకు గోడ మీది రాయి వదులై ఉందని, అందుకే వద్దన్నామని చూపించాను. ఇప్పుడు వాడే కట్టెతో దాన్ని కదిపి చూపించి, కొత్త పిల్లలను ఎక్కనివ్వడం లేదు. నవ్వు కూడా వచ్చింది వాడికి.

ఇంకొక చిన్న సంగతి, కంగారు పడకు. ఆ రోజు గుడి మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. ఒంట్లో రక్తం లేదని డాక్టరమ్మ కేకలేసింది. ఈ ఏడు కొత్త పిల్లలు ఎక్కువ చేరారు. అందరికీ వడ్డించాక గిన్నెలో ఏముంటే అది తింటాను. ఒక్కోనాడు గంజే ఉంటుంది. నాకు దాని బాధ లేదు. వాళ్లకు ముందు పెడుతుంటే తమ్ముడు నా పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

నీ పిట్ట,
లీల


అమీర్‌పేట,
10 డిసెంబరు 1939

పిట్టా,

ఈసారి ఒక్క వరస కూడా దాటకుండా మీ నాయినకు చదివాను. పోయినసారి దాటినవి కూడా తీసి చదివాను. పురుగుల సంగతి తల వంచుకుని విన్నాడు. కట్టె సంగతి రాగానే చేయి ఎత్తి ఆపాడు.

"మల్ల చదువు."

చదివాను.

"ఆరేండ్ల పోరడు చెప్పిండా?"

"చెప్పిండు."

ఆయన మామిడికాయలు తెంపే దోటి దూలానికి ఆనించి ఉంటుంది గదా. దాని దిక్కు చూశాడు. "గది గుడిసె కాడ సుత ఉండె" అన్నాడు. లేచి పోయి కోళ్ల గంపల దగ్గర కూర్చున్నాడు.

నాకు ఏం చేయాలో తోచక గటక దింపాను. ముందు ముద్ద తీసుకుని ఆయన దగ్గరికి పోయాను. వాడు పోయాక నల్లపెట్టకు నా చేత్తో పెట్టడం అదే మొదలు. సిగ్గు లేనిది, ముద్దతో పాటు నా వేళ్లు కూడా పొడిచింది. మీ నాయిన అప్పుడు ఏడ్చాడు. గుంట దగ్గర ఏడవని మనిషి.

తెల్లారి బంగళాకు పోయే దారిలో అయ్యగారి ఇంటికి పోయి, "మా పిలగాడు బొంగరం కోసం పోలేదయ్యా, కోడికి బువ్వ పెట్టనీకె పోయిండు" అని చెప్పాడంట. అయ్యగారు ఏమన్నారో నాకు చెప్పలేదు. కానీ ఆ పూట ఇంటికి వచ్చి, మళ్ళీ అడిగి పెట్టించుకుని తిన్నాడు. ఇన్ని నెలల్లో అట్లా తినడం చూడలేదు.

నువ్వు గుడి మెట్ల మీద కూలబడిన సంగతి ఉత్తరానికి తోక లాగా చివర తగిలించావు. చిన్న సంగతి అన్నావు. వాడు కూడా "ఒకటి దూరం ఉన్నది" అని ఇంత చిన్నగానే అన్నాడు పిట్టా. అప్పుడు నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు ఏం తింటున్నావు?

మీ నాయిన చెప్పమన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "ముందుగాల పెట్టుమన్న గని, నువ్వు తినకుమని ఎన్నడన్న అన్ననా? ముందు ముద్ద అన్నమంటె ఎనక ఇంకొకటి ఉన్నట్టే గద. అది మన ముద్ద." ఇది కూడా మీకు సగమే చెప్పాం. గంప కింద ఉన్నదానికి రేపు కూడా పెట్టాలి. దానికి మనం ఉండాలి. నీ దగ్గర ఉన్నవి కోళ్లు కూడా కావు. నోరున్న పిల్లలు, కావలసింది అడుగుతారు. అడగనిదానివి నువ్వే.

వాడు నీ పక్కన కూర్చుంటున్నాడని రాశావు. కూర్చోనీ. నా దగ్గరికి రావడం లేదు, నీ దగ్గరికైనా రానీ. కానీ వాడి ముందు ఖాళీ పళ్లెం పెట్టుకుని కూర్చోకు. వాడు చూడలేడు. నాకు ఇంకొక బిడ్డ లేదు.

మంగవ్వ బెల్లం వేసి నువ్వుల ముద్దలు చేసింది. ఎవరైనా అటు వచ్చేవాళ్లు దొరికితే పంపుతాను. పిల్లలకు పంచకు, అవి నీకే. నాకు కళ్లు మండుతున్నాయి, ఇంతటితో ఆపుతున్నాను.

అమ్మ

గంట కొట్టగానే పిల్లలతో పాటు కూర్చో. వేడిగా ఉన్నప్పుడే, కడుపు నిండా తిను.